టింకర్ టు ఎవర్స్ టు ఛాన్స్ అంటే ఎవరు, నిజంగా అంత గొప్పవాళ్ళా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చిందండీ, ఎందుకంటే నాకూ అచ్చం ఇలాగే జరిగింది. మీరు షికాగో వచ్చి ఏడాదయిందన్నారు, టీమ్‌లో ముగ్గురు కలిసి ఒక రిలీజ్ పని టకటకా లాగించేస్తే మీ మేనేజర్ పెద్దాయన "టింకర్ టు ఎవర్స్ టు ఛాన్స్" అన్నాడు, మీరు అర్థమైనట్టు తలూపేసి తర్వాత వెతికితే కొన్ని చోట్ల బేస్‌బాల్‌లో ఇంత గొప్ప డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దర్ని ఔట్ చెయ్యడం) త్రయం మళ్ళీ పుట్టలేదని, కొన్ని చోట్ల అదంతా ఒక కవిత చేసిన హడావిడి అని ఉంది, ఇంతకీ ఏది నిజం అని అడిగారు. నేనొచ్చిన కొత్తలో, ఇరవై మూడేళ్ళ కిందట, ఈ మాట విని ఏదో లాయర్ల ఆఫీసు పేరనుకున్నా. తర్వాత మా అబ్బాయి పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో చేరాడు, కోచ్‌లు చాల్లేదని నన్ను లాగారు, గల్లీ క్రికెట్ తప్ప ఏమీ రానివాణ్ణి తొమ్మిదేళ్ళు పిల్లలకి ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి ఫీల్డింగ్) నేర్పించా, అంటే నేర్చుకుంటూ నేర్పించా. ఆ పిచ్చిలోనే వీళ్ళ గురించి దొరికిందల్లా చదివాను.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. వాళ్ళు గొప్పవాళ్ళే. కానీ డబుల్ ప్లేలు లెక్కబెట్టి వాళ్ళ గొప్ప తేల్చాలనుకుంటే తూకం తప్పుతుంది.

ముందు మనుషుల్ని చెప్పుకుందాం. ముగ్గురూ షికాగో కబ్స్ అనే బేస్‌బాల్ టీమ్ వాళ్ళు. మైదానంలో హోమ్ ప్లేట్, ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లని నాలుగు మూలలు, బ్యాటర్ హోమ్ నుంచి బయల్దేరి వరసగా అన్నీ తాకి తిరిగి హోమ్‌కి చేరితే ఒక పరుగు. జో టింకర్ షార్ట్‌స్టాప్, అంటే సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య నిలబడేవాడు. జానీ ఎవర్స్ సెకండ్ బేస్‌మన్. ఫ్రాంక్ ఛాన్స్ ఫస్ట్ బేస్. తమాషా ఏంటంటే ముగ్గురిలో ఇద్దరు ఆ స్థానాలకి పుట్టినవాళ్ళు కాదు. 1902లో ఫ్రాంక్ సెలీ అనే మేనేజర్ (టీమ్‌ని నడిపే కోచ్) బోస్టన్ నుంచి షికాగో వచ్చాడు, అక్కడ ఐదు లీగ్ టైటిళ్ళు కొట్టొచ్చినవాడు, మనిషిని చూసి వీడు ఎక్కడ పనికొస్తాడో చెప్పడంలో దిట్ట. టింకర్ థర్డ్ బేస్ ఆడుకునేవాడు, వాణ్ణి షార్ట్‌కి జరిపాడు. ఛాన్స్ 1898 నుంచీ క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు, వేళ్ళు విరగ్గొట్టుకుంటూ ఉండేవాడు, ఫస్ట్ బేస్‌కి పొమ్మంటే పోనని మొండికేశాడు, ఆటే మానేస్తానన్నాడు, చివరికి జీతం పెంచితే ఒప్పుకున్నాడు. ఎవర్స్ అయితే మరీను, ఉన్న సెకండ్ బేస్‌మన్ బాబీ లోకి దెబ్బ తగిలితే సీజన్ చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరి నుంచి అరువు తెచ్చినట్టు తెచ్చిన కుర్రాడు. 21 ఏళ్ళు, ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు. ఆటలో స్థిరపడ్డాక కూడా రికార్డుల్లో అతని బరువు 125 పౌండ్లే, అంటే 57 కిలోలు. పక్కన ఛాన్స్ ఆరడుగుల మనిషి, 190 పౌండ్లు.

1902 సెప్టెంబర్ 13న ముగ్గురూ మొదటిసారి ఒకే మ్యాచ్‌లో దిగారు, రెండు రోజుల తర్వాత 15న మొదటి డబుల్ ప్లే చేశారు. 1905లో సెలీకి క్షయ వచ్చి వెళ్ళిపోతే ఛాన్సే మేనేజర్ కూడా అయ్యాడు, ఫస్ట్ బేస్‌లో ఆడుతూనే. పేపర్లవాళ్ళు అతనికి సాటిలేని నాయకుడు అనే బిరుదు తగిలించారు.

ఇప్పుడు డబుల్ ప్లే అంటే ఏంటో రెండు ముక్కలు. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. ఫస్ట్ బేస్‌లో ఒక రన్నర్ ఉన్నాడు. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టాడు. కొట్టగానే అతను ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాలి, అలా వస్తున్నాడు కాబట్టి అక్కడున్నవాడు సెకండ్‌కి పోయి తీరాలి, ఆర్టీసీ బస్సులో రిజర్వేషన్ ఉన్నవాడు ఎక్కితే కూర్చున్నవాడు లేవాల్సిందే కదా, అదన్నమాట. ఇలా బలవంతంగా కదిలినవాణ్ణి బంతితో తాకక్కర్లేదు, వాడు చేరేలోపు బంతి పట్టుకుని బేస్ మీద కాలు పెడితే చాలు, ఔట్. దీన్నే ఫోర్స్ ఔట్ అంటారు, ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పెద్ద కథ దీని మీదే ఉంది. సరే, షార్ట్‌స్టాప్ బంతి తీసి సెకండ్ బేస్‌కి విసిరాడు, అక్కడ పట్టినవాడు కాలు ఆనించి, తిరిగి ఫస్ట్‌కి విసిరాడు, ఒకే బంతికి ఇద్దరూ పోయారు. స్కోర్ పుస్తకంలో ఒక్కో స్థానానికి ఒక్కో నంబరు ఉంటుంది, షార్ట్‌స్టాప్ 6, సెకండ్ 4, ఫస్ట్ 3, కాబట్టి దీన్ని 6-4-3 అని రాస్తారు. సెకండ్ బేస్‌మన్ మొదట తీసి షార్ట్‌స్టాప్ మధ్యలో పడితే 4-6-3.

బ్యాటర్ హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్ 90 అడుగులు చేరడానికి నాలుగు సెకన్లు, కాస్త అటూ ఇటూ. ఆ నాలుగు సెకన్లలో ఒక తీయడం, ఒక విసురు, ఒక పట్టు, ఒక మలుపు, మళ్ళీ విసురు, మళ్ళీ పట్టు. అన్నిటికంటే గండం మధ్యవాడిది. అతను షార్ట్‌స్టాప్ వైపు చూస్తూ బంతి అందుకుంటాడు, ఫస్ట్ నుంచి వచ్చే రన్నర్ అతని వెనక నుంచి వస్తాడు, కాళ్ళకి ఇనప ముళ్ళ బూట్లు, వచ్చేవాడి పని బేస్ చేరడం ఒక్కటే కాదు, వీడి కాళ్ళ కిందకి జారి విసురు చెడగొట్టడం కూడా. ఈ రోజుల్లో దానికి రూల్స్ వచ్చాయి, అప్పట్లో అదో కళ. ఆ చోట 57 కిలోల ఎవర్స్ పదేళ్ళు నిలబడ్డాడని ఊహించుకోండి.

ఇంకోటి, గ్లవ్స్. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వల అల్లిన గ్లవ్ వచ్చిందే 1920 ప్రాంతంలో. అంతకుముందు చేతికి తోలు మెత్త కట్టుకున్నట్టే ఉండేది, బంతి దానంతటదే చిక్కుకోదు, రెండో చెయ్యి వేసి మూయాలి. మైదానాలు గతుకులు. బంతి కూడా ఒకటే, మాసిపోయి నల్లబడేదాకా దాంతోనే ఆడేవాళ్ళు, పైగా పిచర్లు, అంటే మన బౌలర్ల లాంటివాళ్ళు, ఉమ్ము రాసి వేసేవాళ్ళు, అప్పట్లో అది నేరం కాదు. ఒక్కో టీమ్ సీజన్‌కి 200 పైన ఎర్రర్లు, అంటే ఫీల్డింగ్ తప్పులు, చేసేది, ఇప్పుడు వంద చేస్తే తిట్టిపోస్తారు. అలాంటి రోజుల్లో నమ్మకంగా డబుల్ ప్లే చేసేవాళ్ళంటే జనం నోరెళ్ళబెట్టారంటే వింత లేదు.

కవిత సంగతికొస్తే, 1910 జులైలో షికాగోలో కబ్స్, న్యూయార్క్ జయంట్స్ మ్యాచ్. చివర్లో ఈ ముగ్గురూ డబుల్ ప్లే చేసి జయంట్స్ ఆశ మీద నీళ్ళు చల్లారు. ఫ్రాంక్లిన్ పియర్స్ ఆడమ్స్ అనే ఆయన న్యూయార్క్ ఈవెనింగ్ మెయిల్ పేపర్లో కాలమ్ రాసేవాడు, స్వయానా షికాగోలో పుట్టినవాడు, మనసు కబ్స్ మీదే, అచ్చువాళ్ళు కాలమ్‌లో ఎనిమిది లైన్లు ఖాళీ మిగిలిందంటే జయంట్స్ అభిమాని ఏడుపులా ఎనిమిది లైన్లు రాసిచ్చాడని చెబుతారు. జులై 12న అచ్చయింది. లోకంలో ఇంతకంటే దుఃఖం కలిగించే మాటలు లేవంటూ మొదలెట్టి ఈ మూడు పేర్లు చెబుతాడు, జయంట్స్ జెండా (అంటే లీగ్ టైటిల్) కలల బుడగని సూదితో పొడిచేవాళ్ళు అంటాడు. జెండాకి ఆయన వాడిన పదం ఎంత పాతదంటే దాని కోసం డిక్షనరీ తీసిన అమెరికన్లే ఎక్కువ ఉంటారు. అంతే, ఎనిమిది లైన్లు. మొదట ఒక పేరు పెట్టి, వారం తిరక్కుండా ఇప్పుడందరికీ తెలిసిన పేరు మార్చారు, వేరే పేపర్లవాళ్ళూ ఎత్తుకుని తలా ఒక పేరడీ రాశారు.

ఎందుకంత పాకిందంటే నా లెక్క ఇది. ఆ పేర్లు నోటితో అని చూడండి, టింకర్ టు, ఎవర్స్ టు, ఛాన్స్. తకిట తకిట తా. బంతి కదిలే తాళం అదే! తీసి విసరడం ఒక తకిట, పట్టి తిరిగి విసరడం ఇంకో తకిట, ఫస్ట్ బేస్‌లో గ్లవ్‌లో పడిన చప్పుడు తా. పాట రాకపోయినా తాళం వచ్చేస్తుంది. ఇందులో ఇంకో చమత్కారం, "ఎవర్స్ టు టింకర్ టు ఛాన్స్" అన్నా తాళం తప్పదు. ఆడమ్స్ అలా రాసుంటే మీ మేనేజర్ అలాగే అనేవాడు. ఎందుకు చెబుతున్నానంటే లెక్క తీసినప్పుడు ఆ రెండు వరసలూ దాదాపు సమానంగా వచ్చాయి.

ఆ లెక్కే విమర్శకుల చేతిలో కర్ర. 1906 నుంచి 1909 దాకా, అంటే వాళ్ళ ఉచ్ఛదశలో, నాలుగేళ్ళకి ముగ్గురూ కలిసి చేసిన డబుల్ ప్లేలు 54. అందులో 29 టింకర్ మొదలెట్టినవి, 25 ఎవర్స్ మొదలెట్టినవి. ఏడాదికి పధ్నాలుగు కూడా పడట్లేదు, పదకొండు మ్యాచ్‌లకి ఒకటి. ఇప్పుడు ఏ మామూలు టీమైనా సీజన్‌కి అన్ని రకాలూ కలిపి వందకి పైనే చేస్తుంది. పిట్స్‌బర్గ్ బిల్ మజరోస్కీ ఒక్కడే, ఒక్క 1966లోనే, సెకండ్ బేస్ నుంచి 161 డబుల్ ప్లేలలో చెయ్యేశాడు. మరి దీనికా ఇంత డప్పు అని అడుగుతారు.

ఆగండి. మొదటి సంగతి, 54 అంటే ముగ్గురి చేతులూ పడ్డవి మాత్రమే. పిచర్ మొదలెట్టినవి, థర్డ్ బేస్ నుంచి వచ్చినవి, ఎవర్స్ తనే బేస్ తొక్కి ఛాన్స్‌కి వేసినవి ఇందులో లేవు. దాన్ని ఇప్పటి టీమ్ మొత్తంతో పోల్చడం ఇడ్లీలనీ ఇడ్లీ పిండినీ తూచినట్టు ఉంటుంది. రెండోది, ఆ రోజుల ఆటే వేరు. సిక్సర్ లాంటి హోమ్ రన్‌లు దాదాపు లేవు, ఒక్కో పరుగు కోసం పాకులాట. ఫస్ట్ బేస్‌లో మనిషి పడ్డాడంటే బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా ఆనించి, జరిపేవాళ్ళు, లేదా దొంగతనంగా సెకండ్‌కి పరిగెత్తించేవాళ్ళు, లేదా బంతి వెయ్యగానే రన్నర్ పరుగు, బ్యాటర్ కొట్టుడు ఒకేసారి. రన్నర్ ఫస్ట్ బేస్‌లో నిమ్మళంగా కూర్చుంటేనే కదా డబుల్ ప్లే?

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడేది. డబుల్ ప్లే చెయ్యాలంటే ముందు ఫస్ట్ బేస్ మీదకి శత్రువు రావాలి. కబ్స్ మీద వచ్చేవాడు తక్కువ. 1906లో కబ్స్ 116 గెలిచి 36 ఓడారు, ఆ ఏడాది మొత్తానికి వాళ్ళు ఇచ్చిన పరుగులు 381, మ్యాచ్‌కి రెండున్నర. ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే పిచర్లు ఇచ్చిన పరుగుల సగటు 1.75. మోర్డెకాయ్ బ్రౌన్ లాంటివాడు వేస్తున్నాడు, చిన్నప్పుడు పొలంలో యంత్రంలో పడి వేలు తెగిపోయి, మిగిలిన వంకర వేళ్ళతోనే బంతిని వింతగా తిప్పినవాడు. పిచర్లు అంత గొప్పగా ఉండబట్టి ఇన్‌ఫీల్డ్ తక్కువ కష్టపడిందా, ఇన్‌ఫీల్డ్ నేలబంతులన్నీ మింగెయ్యబట్టి పిచర్లు గొప్పగా కనబడ్డారా? నన్నడిగితే రెండోది సగానికి పైగా నిజం. వెనకాల సోల్కర్ షార్ట్ లెగ్‌లో ఉంటే బేడీ, ప్రసన్న బౌలింగ్ ఇంకో రకంగా ఉండేది కదా, 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టినవాడు, స్పిన్నర్ల వికెట్ల లెక్కలో అతని చేతులు ఎక్కడా విడిగా కనబడవు. టింకర్‌దీ ఎవర్స్‌దీ అదే కథ. 1906 నుంచి 1910 దాకా ఐదేళ్ళలో కబ్స్ 530 మ్యాచ్‌లు గెలిచారు, ఏ టీమూ ఐదేళ్ళలో అన్ని గెలవలేదు. నాలుగు లీగ్ టైటిళ్ళు, 1907లో, 1908లో రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్. ఒక్క 1909లో 104 గెలిచి కూడా రెండో స్థానం, పిట్స్‌బర్గ్ 110 గెలిచింది, అది వాళ్ళ ఖర్మ. 116 గెలిచిన 1906లో మాత్రం వరల్డ్ సిరీస్ ఊళ్ళోవాళ్ళకే, అంటే వైట్ సాక్స్‌కి పోగొట్టుకున్నారు, ఇప్పటికీ సౌత్ సైడ్ వాళ్ళు గుర్తు చేస్తారు.

ఇక అందరూ నోరూరుతూ చెప్పుకునే గొడవ. టింకర్, ఎవర్స్ మాట్లాడుకునేవాళ్ళు కాదు. 1905 సెప్టెంబర్‌లో ఇండియానాలో ఎగ్జిబిషన్ మ్యాచ్‌కి పోతే ఎవర్స్ హోటల్ ముందు బండెక్కి మిగతావాళ్ళ కోసం ఆగకుండా ఒక్కడే వెళ్ళిపోయాడట, దాని మీద మాటా మాటా పెరిగి జనం చూస్తుండగా మైదానంలోనే కలబడ్డారు. ఎవర్స్ చెప్పుకున్న కథ వేరు, టింకర్ దగ్గర నుంచే బలంగా బంతి విసిరి తన వేలు పాడు చేశాడని. ఏ కథైనా, బండి దగ్గరో వేలి దగ్గరో మొదలై దశాబ్దాలు సాగింది. ఆ తర్వాతే వాళ్ళు ఆ నాలుగు టైటిళ్ళూ గెలిచారు, ఆ సంగతి గమనించండి.

ఎవర్స్‌తో పడటం ఎవరికీ తేలిక కాదనుకోండి. అతనికి పీత అని పేరు, నేలబంతి మీదకి పక్కపక్కగా జారే తీరు చూసి కొందరు, నోటి దురుసు చూసి కొందరు. అంపైర్లతో రోజూ తగువే. పక్కనే నిలబడే ఛాన్స్‌కే, ఇతన్ని ఔట్‌ఫీల్డ్‌కి పంపితే ఆ వాగుడు వినబడదు కదా అనిపించేదట.

మాటల్లేకుండా డబుల్ ప్లే ఎలా అంటారా, ఇది మాత్రం నేను కళ్ళారా చూశాను. మా టీమ్‌లో పదకొండేళ్ళ పిల్లలిద్దరు, షార్ట్ ఒకడు, సెకండ్ ఒకడు, ఏదో వీడియో గేమ్ విషయంలో కొట్టుకుని సీజన్ సగం మాట్లాడుకోలేదు. నేను కలపాలని చూసి చూసి ఊరుకున్నా. డబుల్ ప్లేలు ఏమీ ఆగలేదు! ఎందుకంటే పిల్లలకి నేర్పేది మొదటి రోజే ఇది, మనిషికి విసరకు, బేస్‌కి విసురు. నువ్వు విసిరే క్షణానికి అక్కడ మనిషి ఉండడు, నీ బంతీ అతనూ ఒకేసారి చేరాలి, ఛాతీ ఎత్తులో. అతను వస్తాడో రాడో అని ఆగి చూశావా, అయిపోయింది. రన్నర్ పరిగెడితే సెకండ్ బేస్ ఎవరు కాయాలనే దానికి కూడా మాట అక్కర్లేదు, గ్లవ్ మొహానికి అడ్డం పెట్టి నోరు మూస్తే నేను, తెరిస్తే నువ్వు, పెద్ద లీగుల్లో ఇప్పటికీ అదే సైగ. మాట్లాడనివాడికి కూడా నోరు తెరిచి చూపించొచ్చు. కానీ గాల్లోకి లేచిన బంతి దగ్గర మాత్రం మావాళ్ళ పని బయటపడింది, ఇద్దరూ నాదంటే నాది అనకుండా పరిగెత్తి గుద్దుకున్నారు, ఒకడి పన్ను ఊడింది. పాలపన్నే లెండి.

ఎవర్స్ బుర్ర గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. రాత్రిపూట మంచం మీద బేస్‌బాల్ పేపరూ రూల్ బుక్కూ పెట్టుకుని, బరువు పెరగడానికి చాక్లెట్లు తింటూ చదివేవాడంటారు. 1908 సెప్టెంబర్ 4న పిట్స్‌బర్గ్‌లో పదో ఇన్నింగ్స్‌లో (మామూలుగా తొమ్మిది, సమానమైతే అదనం, ముగ్గురు ఔటైతే ఆ టీమ్ వంతు అయిపోతుంది), ఇద్దరు ఔటయ్యాక ప్రత్యర్థి గెలుపు పరుగు కొట్టాడు, ఫస్ట్ బేస్‌లో ఉన్న కుర్రాడు గిల్, మ్యాచ్ అయిపోయింది కదా అని సెకండ్ బేస్ తాకకుండానే పక్కకి వెళ్ళిపోయాడు. ఎవర్స్ బంతి తెప్పించుకుని బేస్ తొక్కి, ఇది ఫోర్స్ ఔట్, మూడో ఔట్ ఫోర్స్ ఔట్ అయితే పరుగు చెల్లదు అని అంపైర్ హ్యాంక్ ఒడే మీద పడ్డాడు. అందరూ అలా వెళ్ళిపోవడం మామూలే ఆ రోజుల్లో, అంపైర్ నేను చూడలేదన్నాడు. ఫిర్యాదు కొట్టేశారు. కానీ ఆ మాట ఒడే చెవిలో పడిపోయింది.

పంతొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 23, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్, టైటిల్ పోటీలో నువ్వా నేనా అని ఉన్న జయంట్స్ మీద, అదే అంపైర్. స్కోరు 1-1, ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్. మూడో బేస్‌లో మెకార్మిక్, ఫస్ట్ బేస్‌లో 19 ఏళ్ళ ఫ్రెడ్ మెర్కల్, రోజూ ఆడేవాడికి నడుం పట్టేస్తే ఆ రోజు దిగిన కుర్రాడు. బ్రిడ్వెల్ కొట్టాడు, మెకార్మిక్ ఇంటికొచ్చాడు, జనం మైదానంలోకి దూకేశారు, మెర్కల్ సెకండ్ తాకకుండా డ్రెస్సింగ్ రూమ్ వైపు పరుగు. ఎవర్స్ బంతి బంతి అని అరుపులు. ఆ బంతిని జయంట్స్ మనిషి మెక్‌గినిటీ లాక్కుని జనంలోకి విసిరేశాడంటారు, ఎవర్స్ చేతికి చివరికి వచ్చిన బంతి అదో కాదో అనే వాదన వందేళ్ళయినా తెగలేదు, ఏదో ఒక బంతితో బేస్ మీద నిలబడ్డాడు. ఒడే ఈసారి చూశాడు. మెర్కల్ ఔట్, పరుగు చెల్లదు, మ్యాచ్ టై. సీజన్ చివరికి రెండు టీములూ 98 గెలుపులు 55 ఓటములతో సమానం, అక్టోబర్ 8న ఆ మ్యాచ్ మళ్ళీ ఆడించారు, కబ్స్ 4-2 గెలిచారు, తర్వాత వరల్డ్ సిరీస్ కూడా. పాపం మెర్కల్ బతికున్నంత కాలం ఆ పేరు మోశాడు, మళ్ళీ చెబుతున్నా, అప్పటిదాకా అందరూ చేసేదే అతనూ చేశాడు.

టింకర్‌ని ఈ కథలో మర్చిపోతారు జనం. సెప్టెంబర్ 23న కబ్స్ కొట్టిన ఆ ఒక్క పరుగూ టింకర్‌దే, బంతి కంచె దాటకుండానే చుట్టూ పరిగెత్తి సాధించిన హోమ్ రన్. అక్టోబర్ 8న నిర్ణాయక ఇన్నింగ్స్ మొదలెట్టిన మూడు బేస్‌ల దెబ్బ కూడా అతనిదే. రెండూ ఎవరి మీద? క్రిస్టీ మాథ్యూసన్, ఆ కాలపు దేవుడు. 262 సగటు (వెయ్యిసార్లు ఆడితే 262 హిట్లు) బ్యాటర్ టింకర్ అంటే మాథ్యూసన్‌కి ఎందుకో చుక్కలు కనబడేవి.

ఛాన్స్ సంగతి కొంచెమే చెబుతా, అతని కథ బాధగా ఉంటుంది. బ్యాటింగ్‌కి ప్లేట్ మీదకి వంగి నిలబడేవాడు, బంతి వస్తే తప్పుకునేవాడు కాదు, హెల్మెట్లు లేని రోజులు, తలకి ఎన్ని దెబ్బలు తగిలాయో. ఒక చెవి పోయింది, తలనొప్పులు, ఆపరేషన్. 296 సగటు, 403 బేస్ దొంగతనాలు, పైన మేనేజర్ పని. 1924లో పోయాడు, యాభై నిండలేదు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది తేదీలు. కవిత వచ్చింది 1910 జులైలో. అదే ఏడాది అక్టోబర్ మొదట్లో ఎవర్స్ స్లైడ్ చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నాడు, వరల్డ్ సిరీస్ ఆడలేదు, కబ్స్ ఫిలడెల్ఫియా చేతిలో 4-1తో ఓడారు. 1911లో ఎవర్స్ మానసికంగా కుంగిపోయి 46 మ్యాచ్‌లే ఆడాడు, ఛాన్స్ 31. 1912 ఏప్రిల్ 12 ముగ్గురూ కలిసి ఆడిన చివరి రోజు. అంటే జనం ఆ పేర్లు పాడుకోవడం మొదలెట్టిన మూడు నెలలకే అసలు జోడీ చెదిరిపోయింది, ఎనిమిదేళ్ళ పనికి ఎనిమిది లైన్లు చివర్లో వచ్చి పడ్డాయి. మంచి రోజుల్లో వాళ్ళ మీద పాట లేదు, పాట వచ్చాక మంచి రోజులు లేవు.

తర్వాత ఎవర్స్ బోస్టన్ బ్రేవ్స్‌కి పోయి 1914లో అట్టడుగు నుంచి టైటిల్‌కి లేచిన ఆ టీమ్‌లో లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి కొట్టాడు. టింకర్ ఫెడరల్ లీగ్ అనే పోటీ లీగ్‌లో షికాగో వేల్స్‌కి ఆడుతూ మేనేజర్‌గా 1915లో గెలిపించాడు, ఆ టీమ్ కోసం కట్టిన మైదానమే ఇప్పటి రిగ్లీ ఫీల్డ్. ఆ లీగ్ మూతబడ్డాక 1916లో కబ్స్ అక్కడికి మారారు, ఆ ఏడాది కబ్స్ మేనేజర్ టింకరే. కాబట్టి రిగ్లీలో కబ్స్‌ని మొదట నడిపినవాడు మన షార్ట్‌స్టాప్, ఈ ముక్క మీ మేనేజర్‌కి తెలియకపోవచ్చు.

1938లో కబ్స్, యాంకీస్ వరల్డ్ సిరీస్‌కి రేడియోలో మాట్లాడటానికి టింకర్, ఎవర్స్ ఇద్దరినీ పిలిచారు, ఒకరొస్తున్నట్టు ఇంకొకరికి తెలియదట, చూసుకుని పట్టుకుని ఏడ్చారని చెబుతారు. 33 ఏళ్ళు! మన ఊళ్ళల్లో గట్టు తగాదాల్లో అన్నదమ్ములు ఇలాగే ఉంటారు, ఎవరి పెళ్ళిలోనో చావులోనో కలుస్తారు.

1946లో పాతకాలపు ఆటగాళ్ళని ఎంచే కమిటీ పదకొండు మందిని హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ మహామహుల గౌరవ జాబితాలో, పెట్టింది, అందులో ముగ్గురినీ ఒకేసారి. కవిత వల్లే అని తిట్టేది ఇక్కడే. నా తీర్పు అడిగితే, ఛాన్స్ ఆటగాడిగా మేనేజర్‌గా కలిపి చూస్తే ఏ కవితా లేకపోయినా వెళ్ళేవాడు. ఎవర్స్ 270 సగటు అయినా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన బుర్ర, ఒప్పుకుంటాను. టింకర్ దగ్గరే తగువు. ఫీల్డింగ్‌కి విలువ కట్టడం ఇప్పటిలా తెలియని రోజుల్లో అతన్ని కవిత లోపలికి తోసిందనే అనుకుంటా, కానీ ఇప్పటి లెక్కలు వేసేవాళ్ళు అతని ఫీల్డింగ్‌కి ముగ్గురిలో ఎక్కువ మార్కులు వేస్తున్నారు, అంటే తప్పుడు కారణంతో సరైన మనిషిని తీసుకున్నారు. ఛాన్స్ అప్పటికే లేడు, ఎవర్స్ మరుసటి ఏడాది మార్చిలో పోయాడు, టింకర్ 1948 జులై 27న, తన 68వ పుట్టినరోజు నాడే. డెట్రాయిట్ షార్ట్‌స్టాప్ ట్రామెల్, సెకండ్ బేస్‌మన్ విటేకర్ జోడీ అయితే కలిసి 1,918 మ్యాచ్‌లు ఆడారు, ట్రామెల్ 2018లో లోపలికి వెళ్ళాడు, విటేకర్ ఇంకా బయటే. వాళ్ళ మీద ఎవరూ ఎనిమిది లైన్లు రాయలేదు మరి.

ఇంకా పాపం నాలుగోవాడు. ఆ ఇన్‌ఫీల్డ్‌లో థర్డ్ బేస్ హ్యారీ స్టైన్‌ఫెల్ట్, 1906లో వచ్చాడు, ఆ ఏడాది 327 కొట్టి ఆ ముగ్గురినీ మించాడు, 1914లోనే చనిపోయాడు. కవితలో పేరు లేదు, తాళంలో ఇమడలేదు కూడా. ఇక్కడి బార్లలో క్విజ్ అడిగితే నాలుగోవాడెవడు అనేది పాత ప్రశ్న, మీ మేనేజర్ ఈసారి ఆ మాట అంటే మీరు ఇది అడగండి.

వీళ్ళు ఆడిన చోటు చూడాలంటే రిగ్లీకి వెళ్ళకండి, అది తర్వాతది. వెస్ట్ సైడ్ గ్రౌండ్స్ ఇప్పుడు లేదు, ఆ స్థలంలో యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ మెడికల్ క్యాంపస్ ఉంది, మనవాళ్ళ పిల్లలు రెసిడెన్సీకి వెళ్ళే ఆ మెడికల్ డిస్ట్రిక్టే. టేలర్, పోక్, వుడ్, వోల్కాట్ వీధుల మధ్య. ఒక గుర్తు ఫలకం పెట్టారు. పార్కింగ్ గోల ఎందుకు, పింక్ లైన్ ట్రైన్‌లో పోక్ స్టాప్‌లో దిగి నడవండి.